పొడి బరువు

పొద్దుటి ప్యాసింజరు పర్లాకిమిడి దాటి
కాశీనగర్ చేరేసరికి వంశధార కనిపిస్తుంది.
ఎండాకాలం కదా, నీళ్లకంటే ఇసకే ఎక్కువ.
"ఆ ఇసకే మీ పాఠం" అంటారు పాఢీ సార్.
"గింజకీ గింజకీ నడుమ కాస్త ఖాళీ ఉంటుంది,
నూనె దాక్కునేది అందులో.
నేల కింద చెరువులేవీ ఉండవమ్మా."
నాకైతే మొదటి ఏడాదంతా
కళ్లు మూసుకుంటే నల్లటి చెరువే.

గుణుపురంలో పెట్రోలియం ఇంజినీరింగ్ అంటే
రైల్లో జీడిపిక్కలమ్మే పైలమ్మ నవ్వింది.
"ఏటమ్మా, బంకులో ఆయిలు కొట్టడానిక్కూడా సదువేనా?"

మా అమ్మ నవ్వలేదు.
పదిహేడేళ్లు కిరసనాయిలు డిపో నడిపిన మనిషి.
ఒడియాలో కార్డు చదివి, తెలుగులో కసిరి,
సవర మాటల్లో చిల్లర లెక్క అప్పజెప్పేది.
లీటరు డబ్బాలో నీలిరంగు అంచుదాకా వచ్చి
ఒక్కసారి వణికి ఆగేది.
ఆ వణుకు తగ్గేదాకా గరాటు ఎత్తేది కాదు.
కోటా ఆగిపోయింది. డిపో తలుపు మీద
ఇప్పుడెవరిదో మొబైల్ రీఛార్జి బోర్డు.

ల్యాబ్‌లో పని పెద్ద కష్టమేం కాదు.
రాతిలోంచి బొటనవేలంత ముక్క కోసి తీస్తాం,
రాత్రంతా ఓవెన్లో ఎండబెడతాం,
తూస్తాం. అది పొడి బరువు.
గాలి లాగేసి, ఉప్పునీళ్లు తాగించి మళ్లీ తూస్తాం.
పెరిగిన బరువును బట్టి
రాతిలో ఖాళీ ఎంతో లెక్క కడతాం.
ఖాళీని తూయొచ్చని
నాకు ఇంతకుముందెవరూ చెప్పలేదు.

ఈ ఏడు మా బ్రాంచి కోసం వచ్చింది ఒకటే కంపెనీ.
వాళ్లు బావుల గురించి అడగలేదు,
కోడింగ్ వచ్చా అని అడిగారు.
ఆ మధ్యాహ్నమే ఇలియాస్ రైతా
సంచిలోంచి ఓ రాయి తీసి బల్ల మీద పెట్టాడు.
వాళ్ల కొండది. సెరంగో దాటి ఇంకా పైకి,
బస్సు ఆగిపోయాక నడిచే చోటు.
"ఇదీ చూద్దాం" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

కట్టర్ కీచుమని అరిచింది. రెండు బ్లేళ్లు అరిగాయి.
అటెండరు అప్పన్న మమ్మల్నీ రాయినీ కలిపి తిట్టాడు.
కొండ రాయి గనక కొండలైట్ అంటారనుకున్నాను.
కాదట, ఖోండుల పేరు పెట్టారట.
ఎవరి రాయికి ఎవరు పేరు పెట్టారో
పరీక్షలో అడగరు.

తెల్లారి తూశాం. నానబెట్టి మళ్లీ తూశాం.
తేడా దాదాపు లేదు.
నేను తప్పు చేశానేమోనని ఇంకోసారి తూశాను.
సున్నా పాయింటు తొమ్మిది శాతం.
"ఎప్పుడో కాలి, నలిగి, గట్టిపడిపోయింది" అన్నారు సార్,
"అందులో ఏమీ పట్టదు, ఏమీ దొరకదు."

ఇలియాస్ ముఖం చూడాల్సింది.
ఫస్ట్ క్లాసు వచ్చినవాడిలా వెలిగిపోయాడు.
"అయితే మా కొండకి ఎవరూ రారు కదా?"
"నూనె కోసమైతే రారు" అన్నాను.
వేరే దేనికోసమైనా వస్తారేమో,
అది నా సిలబస్‌లో లేదు.
ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.
అతను సున్నాని రికార్డులో ఎర్ర సిరాతో రాసుకుని
నడిమధ్య చిల్లు పడ్డ రాయిని
రుమాల్లో చుట్టి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు,
కొండకి తిరిగి ఇచ్చేయాలట.

నాలుగేళ్లుగా నేర్చుకున్నది వెతకడమే.
దొరకనందుకు సంతోషించడం
ఆ ఒక్క రోజులో నేర్చుకున్నాను.

ఇంటికొస్తే పెరట్లో అమ్మ పాత డ్రమ్ము,
వాన నీళ్లు పట్టడానికి పెట్టింది.
సర్ఫుతో ఏడుసార్లు కడిగింది, బూడిదతో తోమింది.
ఇనుము. చిల్లు లేదు, సందు లేదు,
ఏ పరికరంలో పెట్టినా ఖాళీ సున్నా అనే చూపిస్తుంది.
ముఖం కడుక్కోబోతే
దోసిట్లో నీళ్లు
ఇంకా కిరసనాయిలు వాసన.